జబ్బు లేదనే మనిషితో మాట్లాడే తీరు

స్కిజోఫ్రెనియా (ఎవరూ మాట్లాడకపోయినా గొంతులు వినబడటం, లేనివి నిజమని నమ్మడం వంటి లక్షణాలుండే మానసిక జబ్బు) ఉన్నవారిలో చాలామంది "నాకేమీ లేదు" అనడం మొండితనం కాదు. తన స్థితిని తాను గుర్తించే శక్తినే జబ్బు దెబ్బతీయడం వల్ల, వినబడే గొంతులు వారికి పూర్తిగా నిజమే అనిపిస్తాయి. కాబట్టి వాదించకండి, అలాగని ఆ నమ్మకాన్ని బలపరచకండి. "పక్కింటివాళ్లు తిడుతున్నారమ్మా" అని కొడుకు అంటే, "అలా వినబడుతుంటే భయంగానే ఉంటుంది నాన్నా, రాత్రిళ్లు నిద్ర పడుతోందా?" అని అడగండి. నిద్ర పట్టకపోవడం సాధారణంగా వారూ ఒప్పుకునే బాధ కనుక, ముందుగా దాని గురించే విశాఖపట్నం చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో డాక్టరుతో మాట్లాడదామని చెప్పవచ్చు. మందును అన్నంలో రహస్యంగా కలపడం మాత్రం తగదు. తెలిసిన రోజున మీ మీద నమ్మకమే పోతుంది. ఆసుపత్రికి రానంటే, కుటుంబసభ్యులే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి సలహా అడగవచ్చు. చనిపోతాననే మాటలు వినిపిస్తే మాత్రం ఒప్పించే ప్రయత్నంలో కాలయాపన చేయక, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.