తాకిడిని కొలవడం – 3వ పాఠం: రెండు పుల్లల పరీక్ష

ఆత్రేయపురంలో పూతరేకు తీసే చేతిని దగ్గరగా చూడండి. బోర్లించిన వేడి కుండ మీద పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డ పరిచి లాగుతారు. క్షణాల్లో పొర అంచు లేస్తుంది. బిగించి పట్టితే చిరుగుతుంది, వదులుగా పట్టితే జారుతుంది. జారబోతున్న సంగతి ముందుగా పసిగట్టేవి మైస్నర్ కణికలు అనే తాకిడి గ్రాహకాలు. ఇవి వేలి కొసలో పైచర్మానికి సరిగ్గా కింద ఉంటాయి. తాకినప్పుడు, వదిలినప్పుడు, చర్మం కదిలినప్పుడే పలుకుతాయి. కదలిక ఆగితే ఊరుకుంటాయి. ఆనించి ఉంచినంతసేపూ కబురు పంపేవి మెర్కెల్ కణాలను అంటుకున్న నాడీ కొసలు. అంచులు, ఆకారాలు పోల్చుకోవడం వీటి వల్లే. ఇవాళ్టి పరీక్షలో ముఖ్యమైన పని వీటిదే.

నొక్కుడును విద్యుత్ సంకేతంగా మార్చేది పీజో2 అనే ప్రొటీన్. కణపొర సాగితే ఇది తెరుచుకుంటుంది, అయాన్లు (విద్యుదావేశం ఉన్న పరమాణువులు) లోపలికి వస్తాయి. దీన్ని 2010లో గుర్తించిన బృందానికి నాయకుడు ఆర్డెమ్ పటపూటియన్. ఆయన 2021లో నోబెల్ పంచుకున్నారు.

ఇక పనిలోకి వద్దాం. రెండు మొనలు ఎంత దగ్గరగా ఉన్నంతవరకూ రెండుగానే తెలుస్తాయో చూడటమే ఈ పరీక్ష. కొబ్బరి చీపురు పుల్లల సన్నటి కొసలు 3 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, మొనలు గచ్చు మీద అరగదీయండి. గుచ్చుకునే మొన నొప్పి నాడులను లేపి పరీక్షను చెడగొడుతుంది. బడిపిల్లల రబ్బరుకు పిన్నుతో రంధ్రాలు చేసి పుల్లలు దూర్చండి. (అరటి దూట తేలిగ్గా దొరుకుతుంది కానీ నీరూరి పుల్లలు కదులుతాయి.) రెండు మొనల మధ్య 2, 3, 5, 10, 40 మిల్లీమీటర్ల దూరాలు స్కేలుతో కొలిచి పెట్టుకోండి.

ఎదుటి వ్యక్తి కళ్లు మూసుకోవాలి, చెయ్యి బల్లకు ఆనించాలి. ఒకసారి ఒక్క మొన, ఒకసారి రెండూ, వరస తెలియకుండా మార్చుతూ పదిసార్లు ఆనించండి. తగిలింది ఒకటా రెండా అని ప్రతిసారీ అడగండి. ఏడు సరిగ్గా చెబితే ఆ దూరం తెలిసినట్టు. వేలి కొసకు సాధారణంగా 2 నుంచి 4 మిల్లీమీటర్లు చాలు. ముంజేతికి దాదాపు 40 కావాలి. అక్కడ నాడీ కొసలు పల్చగా ఉంటాయి మరి.

ఎక్కువమంది తప్పేది బలం దగ్గరే. మొనల కింద చర్మం తెల్లబడిందంటే ఎక్కువ నొక్కినట్టే. లోపలి నాడులు కూడా పలికి, ఫలితం లేనిపోని మంచిదిగా కనిపిస్తుంది. రెండు మొనలూ ఒకేసారి ఆనకపోతే ముందువెనకల తేడాను బట్టి ఊహించి చెప్పేస్తారు. కొబ్బరి పీచు వలిచి కాయలు కాసిన వేళ్లకు అంకె పెరుగుతుంది, అది జబ్బు కాదు. చల్లటి చేతులైతే ముందు వెచ్చబరచండి.

మధుమేహం ఉన్నవారి పాదానికి ఈ పుల్లలు పనికిరావు. అక్కడ వంగేసరికి 10 గ్రాముల బలమిచ్చే నైలాన్ తంతువుతో వైద్యులు చూడాలి. గట్టు మీద నడుస్తుంటే చెప్పు జారిపోయిన సంగతి తెలియడం లేదంటే ఆ పరీక్ష ఆలస్యం చేయకండి.

వచ్చే పాఠానికి చిన్న దూది పోగు దగ్గర పెట్టుకోండి. ముంజేతి వెంట్రుకల మొదళ్లలోని నాడులను చూద్దాం.