కొండదారిలో చిన్న ప్రాణులు – 3వ పాఠం: బల్లి, తొండ, నలికిరి

గత రెండు పాఠాలలో నడకను నెమ్మదించడం, కదలిక కంటపడిన చోట ఆగిపోవడం సాధన చేశాము. ఇప్పుడు, ఆగిన చోట కనిపించిన ప్రాణి ఏదో తేల్చుకోవడం నేర్చుకుందాము. ఇందుకు శేషాచలం కొండలలోని తలకోన దారిని ఉదాహరణగా తీసుకుంటున్నాను.

కొత్తవారు మొట్టమొదట రంగు చూస్తారు. అన్నిటికన్నా చివర చూడవలసినది రంగేనని నా అభిప్రాయం. జతకట్టే కాలంలో మగ తొండకు తల, మెడ ఎర్రబడతాయి. “తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుంది” అన్న సామెత బహుశా దాన్ని చూసే పుట్టి ఉంటుంది. కానీ తొండ ఎంత ముదిరినా తొండే. ఊసరవెల్లి కాలివేళ్లు రెండు కట్టలుగా కలిసిపోయి పటకారులా కొమ్మను పట్టుకుంటాయి, కళ్లు దేని దారిన అది తిరుగుతాయి, తోక కొమ్మకు చుట్టుకుంటుంది. తొండకు ఈ మూడింటిలో ఒక్కటీ లేదు.

రంగును నమ్మి నేనూ మోసపోయాను. బండ మీద నల్లని ఒంటితో, ఎర్రని తలతో కూర్చున్న ఒకదాన్ని చూసి, పక్కనే ఉన్న మట్టిరంగు దానికీ దీనికీ సంబంధమే లేదనుకుని రెండు జాతులుగా రాసుకున్నాను. అవి రాతి తొండలలో మగ, ఆడ.

కాబట్టి ముందు కన్ను చూడండి. బల్లికి రెప్పలు ఉండవు. కంటిని పారదర్శకమైన పొర ఒకటి కప్పి ఉంటుంది, దానిమీద దుమ్ము పడితే నాలుకతో తుడుచుకుంటుంది. తొండ రెప్ప మూస్తుంది, తెరుస్తుంది. తరువాత చర్మం: తొండ పొలుసులు గరుకుగా ఉండి, వీపు మీద ముళ్ల వరుస కనిపించవచ్చు, నలికిరి ఒళ్లు నూనె రాసినట్టు నున్నగా మెరుస్తుంది. నలికిరి కాళ్లు పొట్టివి కావడంతో ఎండుటాకుల మీద పాము పాకినట్టే జారిపోతుంది. దాన్ని కొన్నిచోట్ల నలికండ్ల పాము అనడం, కరిస్తే విషమని భయపడడం ఇందువల్లనే. మన దేశంలో విషమున్న బల్లిజాతి ఏదీ లేదు.

తోక కూడా సాక్ష్యం చెబుతుంది. బల్లి, నలికిరి ఆపదలో తోకను వదిలేస్తాయి, మళ్లీ మొలిచిన భాగం పొలుసుల తీరులోనూ రంగులోనూ పాతదానికి అతకనట్టు ఉంటుంది. తొండ తోక తెగితే అలా మొలవదు.

ఈ కొండలకు వెళ్లి బంగారు బల్లిని తలచుకోకుండా ఉండలేము. కంచి గుడిలోని బల్లి కాదు, ప్రాణమున్నదే. 1870లో బెడ్డోమ్ అనే ఆంగ్లేయ ప్రకృతి శాస్త్రజ్ఞుడు దీన్ని శాస్త్రీయంగా వర్ణించాడు. ఆ తరువాత చాలాకాలం జాడలేక, 1980లలో తిరుమల కొండలలో మళ్లీ కనిపించింది. తూర్పు కనుమలలో మరికొన్ని చోట్ల కూడా ఉన్నదని తరువాత తెలిసింది. ఇది నిశాచరి, పగలు వాగుల పక్కన తేమగా, చీకటిగా ఉండే రాతి పగుళ్లలో దాక్కుంటుంది. బంగారు పసుపు బాగా తేలేది పెద్ద మగవాటిలోనే కనుక, గోధుమరంగులో ఉన్నదాన్ని చూసి ఇది కాదని కొట్టిపారేయకండి. వేళ్ల చివర వెడల్పుగా ఉండే మెత్తలు చూడండి. రాతి కప్పుకు తెల్లని గుండ్రటి గుడ్లు గుంపుగా అతికి ఉంటే అవి దీనివే కావచ్చు. వాటిని వేలితో తాకకూడదు, దగ్గరగా ఫ్లాష్ కొట్టకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ బల్లికి రక్షణ కల్పించింది.

కొండకు బయలుదేరే ముందు ఒక అభ్యాసం చేయండి. రాత్రి ట్యూబులైటు దగ్గరికి వచ్చే ఇంటి బల్లిని రెండడుగుల దూరం నుంచి పది నిమిషాలు చూసి, కన్ను, వేళ్లు, చర్మం, తోక, చివరగా రంగు, ఈ వరుసలోనే నోటుపుస్తకంలో రాసుకోండి. అది నాలుకతో కన్ను తుడుచుకునేదాకా అక్కడినుంచి కదలకండి.