దూరప్రయాణంలో ప్రశ్నల పుస్తకం ఎలా రాసుకోవాలి

కాకినాడలో 28 ఏళ్లు లెక్కల టీచరుగా పనిచేసి, స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాక పదకొండు నెలలు దేశాలు తిరిగాను. లావోస్, జార్జియా, ఆర్మేనియా, మారిషస్, మధ్యలో ఇంకొన్ని. వీసాల గురించీ బ్యాగు సర్దుకోవడం గురించీ చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. రెండో నెల దాటాక మనసులో లేచే ప్రశ్నల్ని ఏం చెయ్యాలో చెప్పేవాళ్లు నాకు దొరకలేదు. అందుకే ఇది రాస్తున్నాను. పది రోజుల టూర్లో ఆ ప్రశ్నలు రావు, చూడాల్సినవి చూడ్డానికే టైము చాలదు. నెలల తరబడి తిరిగేవాళ్లకి మాత్రం తప్పవు. రాసుకోకపోతే రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వవు.

200 పేజీల లాంగ్ నోటుబుక్కు ఒకటి కొనండి. ఫోన్లో రాయొద్దు, అందులో పడ్డవి మళ్లీ తెరిచి చూడం. ఎడమ పేజీలో ప్రశ్న రాసి కుడి పేజీ ఖాళీగా వదిలెయ్యండి. ప్రశ్న పైన ఒక లైనులో తేదీ, ఊరు, ఆ రోజు ఖర్చు, ముందు రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారు, ఆఖరిసారి ఏం తిన్నారు, ఇవన్నీ వెయ్యండి. ఈ లైను మాత్రం మానకండి. జార్జియా రాజధాని టిబిలిసిలో జనవరి చలిలో ఒక సాయంత్రం "అసలు నేనిక్కడ ఏం చేస్తున్నాను?" అని పేజీ అంతా నిండేలా రాశాను. పై లైను చూస్తే నిద్ర 4 గంటలు, తిండి పొద్దున్నుంచీ బిస్కెట్లు. మర్నాడు వీధి చివర రొట్టెల కొట్టుకి వెళ్లాను. అక్కడ బావిలాంటి గుండ్రటి మట్టిపొయ్యి ఉంటుంది. పిండిని పడవ ఆకారంలో సాగదీసి, లోపలికి వంగి, పొయ్యి గోడకి కొట్టి అతికిస్తారు. షోటి అంటారు ఆ రొట్టెని. వేడివేడిగా జున్నుతో తిని, వచ్చి తొమ్మిది గంటలు పడుకున్నాను. లేచేసరికి ఆ ప్రశ్నకి బలం లేదు. అది ఆకలి అడిగిన ప్రశ్న. కడుపు నిండి నిద్రపోయి లేచాక కూడా పోనివి ఉంటాయి. మీరు మోసుకెళ్లాల్సినవి అవే.

"ఎందుకు" అని వచ్చిన ప్రతి ప్రశ్ననీ "ఎవరు", "ఎంత", "ఎప్పటిదాకా" అని మార్చి మళ్లీ రాయండి. "మనిషి ఎందుకు తిరుగుతాడు" అని రాసుకుంటే మంచి మాటలు చాలా తోస్తాయి, ఒక్కటీ మనల్ని తాకదు. ఇది నాకు లావోస్‌లోని లువాంగ్ ప్రబాంగ్‌లో తెలిసింది. అక్కడ తెల్లవారకముందే బౌద్ధ భిక్షువులు కాషాయం కట్టుకుని, చెప్పుల్లేకుండా వరసగా భిక్షకి వస్తారు. మొదటి రోజు నేను ఫోను పట్టుకుని ఒక చిన్న భిక్షువు ముఖానికి రెండడుగుల దూరంలో నిలబడి ఫోటో తీశాను. పదమూడు, పద్నాలుగేళ్లు ఉంటాయేమో, మా స్కూల్లో ఎనిమిదో తరగతి పిల్లాడిలా ఉన్నాడు. కళ్లు దించుకుని నడిచి వెళ్లిపోయాడు. "వీళ్లు ఇంత ప్రశాంతంగా ఎందుకున్నారు?" అని ఆ రాత్రి రాసుకున్నాను. ఇప్పుడు చదివితే బాధేస్తుంది.

రెండో రోజు ఫోను గదిలో వదిలేసి రోడ్డుకి అవతలి పక్క కూర్చున్నాను. ఎదురుగా ఒక ముసలామె చాప మీద మోకాళ్లూని కూర్చుంది. ఒళ్లో మూత ఉన్న వెదురు బుట్ట. మూత తీస్తే బంక అన్నం ఆవిర్లు వచ్చాయి. మూడు వేళ్లతో చిన్న ముద్ద చేసి ఒక్కో పాత్రలో వేసి మళ్లీ మూత పెడుతోంది, అన్నం ఆరిపోకుండా. వరస చివర ఒక పేదపిల్ల బుట్ట పట్టుకుని కూర్చుంటే, భిక్షువులు తమ పాత్రల్లోంచి తీసి దాని బుట్టలో వేసి వెళ్లారు. ఆ రాత్రి ప్రశ్న మార్చి రాశాను: "ఈ పొద్దు ఎవరిది? అందులో నాకు ఎంత దూరంలో చోటుంది?" దీనికి జవాబు అడుగుల్లో కొలవచ్చు. మర్నాటి నుంచి ఏ గుడికెళ్లినా, ఏ సంతకెళ్లినా ముందు నిలబడే చోటు చూసుకున్నాను.

ఊరు మారిన రోజు రాయకండి, అలసటే రాస్తుంది. రెండో రాత్రి దాకా ఆగండి. తేలని ప్రశ్నని తేల్చాలని కూడా చూడకండి. ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లో నేనున్న ఇంటి కిటికీలోంచి అరారత్ కొండ కనిపించేది. ఆర్మేనియన్లకి అది తమ కొండ, కానీ ఉన్నది టర్కీలో, సరిహద్దు 1993 నుంచి మూసి ఉంది. "రోజూ కనపడుతూ వెళ్లలేని చోటు నాకేది?" అని రాసుకున్నాను. ఆ కుడి పేజీ ఇంకా ఖాళీగానే ఉంది.

బయల్దేరే ముందే నింపాల్సిన పేజీ మొదటిది. ఇంట్లో మీరు చేసే పనులన్నీ వరసగా రాసి, ఒక్కోదాని ఎదురుగా ఇకమీదట అది చేసే మనిషి పేరు వెయ్యండి. నేను తప్పు చేసింది ఇక్కడే. అమ్మకి 79 ఏళ్లు. బీపీ మాత్రలు, నెలకోసారి ఆసుపత్రి, పొద్దున్నే నీళ్ల మోటారు, అన్నిటి ఎదురుగా ఒకటే రాశాను: తమ్ముడు చూసుకుంటాడు.

మారిషస్‌లో పోర్ట్ లూయీ రేవు దగ్గర ఆప్రవాసీ ఘాట్ ఉంది, ఒకప్పుడు వలస కూలీల్ని ఓడ దింపిన చోటు. 1834 నుంచి 1920 దాకా దాదాపు ఐదు లక్షల మంది కూలి ఒప్పందం మీద ఆ ద్వీపానికి వచ్చారు. మా కాకినాడ పక్కనున్న కోరంగి రేవులో ఓడెక్కినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. ఒక్కొక్కరికీ ఒక నంబరు ఇచ్చారు, ఆ రికార్డులు అక్కడే మోకా అనే ఊళ్లోని మహాత్మా గాంధీ సంస్థలో ఉన్నాయి. ఓడ దిగినవాళ్లు ఎక్కిన రాతిమెట్ల ముందు నిలబడితే నా సంచిలో తిరుగు టికెట్ ఉన్న సంగతి గుర్తొచ్చింది. "వీళ్లు వెళ్లిపోయాక కోరంగిలో వీళ్ల అమ్మల్ని ఎవరు చూశారు?" అని రాస్తున్నాను, చెయ్యి ఆగిపోయింది.

ఆ సాయంత్రమే ఫోన్ చేశాను. మరదలు ఎత్తింది. "అత్తయ్యగారు రాత్రి మూడుసార్లు లేచారు వదినా, ఇప్పుడే పడుకున్నారు. మీరేం కంగారుపడకండి" అంది. రాత్రి మూడుసార్లూ తనే లేచిందన్నమాట. మొదటి పేజీ తీసి తమ్ముడి పేరు కొట్టేసి, అన్నిచోట్లా మరదలి పేరు వేశాను. కింద రాశాను: "నా పదకొండు నెలల్ని ఎవరు మోస్తున్నారు? ఎప్పటిదాకా?"

తిరిగొచ్చాక నలభై రోజులు పుస్తకం ముట్టుకోకండి. వచ్చిన కొత్తలో అందరూ అడుగుతుంటారు, మనమూ చెప్తుంటాం, ఆ చెప్పిన మాటలే కుడి పేజీల్లోకి వచ్చేస్తాయి. తర్వాత తీసి, ఏ ప్రశ్నలో వేరే మనిషి ఉన్నారో ఆ పేజీ వీలైతే ఆ మనిషికే ఇవ్వండి. నేను మరదలికిచ్చాను. వంటింట్లో నిలబడే చదివి, కుడి పేజీలో పప్పు డబ్బాల మీద పేర్లు రాసుకునే పెన్నుతో రాసింది: "జనవరిలో మా అమ్మ దగ్గరికి పది రోజులు వెళ్లాలి. మీరు ఉంటారా వదినా?"

పెళ్లయ్యాక పుట్టింట్లో పండక్కి రెండు రోజులకి మించి తను ఉండలేదట. జనవరిలో పది రోజులు వెళ్లింది. నాలుగో రాత్రి అమ్మ రెండోసారి లేచినప్పుడు టైము 3:10. పుస్తకంలో వేసుకున్నాను.