పగడాలు తినే చేప మేత ముట్టట్లేదా? మెనూ మార్చే ముందు మొప్పలు చూడండి

వేవ్‌మేకర్ (నీటిలో అలలు పుట్టించే పంపు) ఆపి ఇరవై నిమిషాలు మీ ఉప్పునీటి అక్వేరియం ట్యాంకు ముందు కూర్చున్నారా? కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై చేప వారం నుంచి ఏమీ తినట్లేదని వాపోయేవాళ్ళలో చాలామంది ఈ ఒక్క పని చేసి ఉండరు. మైసిస్ (చిన్న రొయ్యలాంటి మేత) తీసేసి ఆర్టీమియా (ఇంకో రకం ఉప్పునీటి రొయ్య) వేస్తారు, అది తీసేసి బ్లడ్‌వర్మ్ (ఎర్ర పురుగులు) వేస్తారు, చివరికి వెల్లుల్లి రసం దాకా వెళ్తారు. ట్యాంకులో ఫాస్ఫేట్ పెరుగుతుంది, చేప మాత్రం నోరు తెరవదు.

పొడుచుకు తినే చేప కొట్టుకుపోయే మేత వెంట పడదు. కదలని చోట, కంతలోనో పగుల్లోనో ఉన్నదాన్ని లాగి తినడానికే దానికి ఆ మూతి. జోరు ప్రవాహంలో మైసిస్ దాని కళ్ళ ముందు నుంచి క్షణంలో దాటిపోతుంది. మిగిలింది ట్యాంగ్, డామ్సెల్ లాంటి చురుకైన చేపలు ఊడ్చేస్తాయి. కాబట్టి వేవ్‌మేకర్, రిటర్న్ పంపు, స్కిమ్మర్ (నురగతో మురికి తీసే పరికరం) మూడూ ఆపండి. పెద్ద చేపలకు ఒక మూల నోరి (ఎండిన సముద్రపు నాచు) కట్టి అటు మళ్ళించండి. మేతను సన్నటి గొట్టంతో ఎదురు మూల రాతి మీద పెట్టండి. పంపులు మళ్ళీ ఆన్ చేయడం మరిచిపోకుండా ఫోన్‌లో 20 నిమిషాల అలారం పెట్టుకోండి.

అసలు ఏ చేప కొన్నారు?

మేయర్స్, ఆర్నేట్, బరోనెస్ బటర్‌ఫ్లైలు దాదాపు పగడాల మీదే బతుకుతాయి. వాటికి ఇంట్లో పరిష్కారం లేదు, కొనకండి. "వారానికో ఆక్రోపోరా (కొమ్మల్లా పెరిగే గట్టి పగడం) ముక్క పడేస్తాను" అనేవాళ్ళు ఒక సంగతి తెలుసుకోవాలి. గట్టి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 షెడ్యూల్ 1లో ఉన్నాయి. మన్నార్ సింధుశాఖ నుంచి వచ్చిన పగడం ఎవరు అమ్మజూపినా నేరమే. ఎండిన అస్థిపంజరాన్ని కూడా ముట్టుకోకండి. మేత అంటించడానికి సిరామిక్ ప్లగ్‌లు, గరుకు రాళ్ళు ఉన్నాయి.

ఆరెంజ్ స్పాటెడ్ ఫైల్‌ఫిష్ సముద్రంలో ఆక్రోపోరా పాలిప్‌లనే (పగడం మీది చిన్న జీవులనే) తింటుంది. అయినా ఓపిగ్గా అలవాటు చేస్తే మారుతుంది. జంటగా కొనండి, ఒకటి తినడం మొదలుపెడితే రెండోది దాన్ని చూసి వస్తుంది. కాపర్‌బ్యాండ్ పూర్తిగా పగడాల మీద ఆధారపడదు. పురుగులు, గుల్లలు, చిన్న అనిమోన్లు దాని ఇష్టం, మధ్యలో పగడాలనూ గిల్లుతుంది. అందుకే మార్చడానికి బాగా వీలున్నది అదే.

చెన్నైలోని కొళత్తూరు దుకాణంలో అయినా మరెక్కడైనా కొనేముందు చేపను ఎదురుగా, పైనుంచి చూడండి. తల వెనక కండ గుండ్రంగా ఉంటే సరే. అక్కడ వీపు కత్తి అంచులా సన్నబడితే ఆ చేప వారాలుగా పస్తులుంది, చాలావరకు తిరిగి కోలుకోదు. "నా ముందే తినిపించండి" అని అడగడానికి మొహమాటపడకండి.

మేత దగ్గరికి వస్తుంది, పొడవదు

దానికి అది మేతలా కనిపించట్లేదు. రూపం మార్చండి.

ప్లంబింగ్ షాపులో 20 మి.మీ. పీవీసీ పైపు 15 సెంటీమీటర్ల ముక్క తీసుకుని, చుట్టూ 4 మి.మీ. కంతలు వేయండి. కంతల అంచులను ఎమరీ పేపర్‌తో రుద్దండి, లేకపోతే మూతి చీరుకుంటుంది. లోపల ముద్ద కూరండి. ముద్దకు 100 గ్రాముల పచ్చిరొయ్య, స్క్విడ్, గుల్లల మాంసం కలిపి మెత్తగా రుబ్బాలి. 100 మి.లీ. ఆర్వో నీటిలో 2 గ్రాముల అగర్ (చైనా గ్రాస్) వేసి రెండు నిమిషాలు మరిగించండి. గిన్నె చేత్తో పట్టుకోగలిగేంత వేడికి, అంటే 45 డిగ్రీల దగ్గరికి దిగాక కలపండి. అంతకంటే వేడిగా కలిపితే మాంసం ఉడికి వాసన పోతుంది, చల్లారనిస్తే అగర్ ముందే గడ్డ కడుతుంది. కాసిమేడు (చెన్నై చేపల రేవు)లో కొన్న గుల్లలైతే నాలుగు రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచాకే వాడండి.

ఫైల్‌ఫిష్‌కు పైపు పనికిరాదు. అదే ముద్దను గడ్డకట్టేలోపు సిరామిక్ ప్లగ్ మీద పలచగా, పాలిప్‌ల మందంలో అద్ది ఫ్రిజ్‌లో పెట్టండి. మొదటి రోజు చుట్టూ తిరుగుతుంది, రెండో రోజు ఒక పోటు వేస్తుంది. మూడు రోజులు ఒకే చోట, ఒకే వేళకు పెట్టండి.

నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తుంది, రెండు రోజులు తిని మళ్ళీ మానేస్తుంది

చాలా చేపలు పోయేది ఇక్కడే. మేత నచ్చలేదని అనుకుని యజమాని కొత్త కొత్త ఫ్రోజెన్ ప్యాకెట్లు తెస్తూ ఉంటాడు. చేపకేమో ఊపిరి అందట్లేదు. కారణం ఫ్లూక్స్.

చర్మం మీద, మొప్పల్లో అంటుకుని బతికే చదునైన పురుగులివి. చర్మపు ఫ్లూక్ రెండు నుంచి ఐదు మి.మీ. దాకా ఉంటుంది, అయినా బతికున్నప్పుడు గాజులా పారదర్శకం కాబట్టి ఎంత దగ్గరగా చూసినా చేప శుభ్రంగానే కనిపిస్తుంది. మొప్పల ఫ్లూక్ ఇంకా చిన్నది, మైక్రోస్కోప్ లేకుండా దొరకదు. మొప్పలు జిగురుతో మూసుకుపోయి ఆక్సిజన్ చాలనప్పుడు, మింగి అరిగించుకునే శక్తి చేపకు ఉండదు. ఆకలితోనే నోట్లో పెట్టుకుంటుంది, ఊపిరి కోసం ఉమ్మేస్తుంది.

దీన్ని దాచేది ఒక నమ్మకం. "షాపులోనే నీటిలో రాగి మందు వేసి నెల ఉంచారు, రోగం లేదు" అంటారు. రాగి తెల్లమచ్చ రోగాన్ని ఆపుతుంది, ఫ్లూక్స్‌ను చంపదు. పైగా రాగి ఉన్నంతకాలం ఆకలీ తగ్గుతుంది. కాబట్టి రాగిలో నెల గడిపిన చేప ఫ్లూక్స్‌తోనే మీ ఇంటికి రావచ్చు.

గుర్తులు పట్టడం ఇలా. 15 సెకన్లలో మొప్ప ఎన్నిసార్లు తెరుచుకుందో లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి. విశ్రాంతిగా ఉన్న చేపలో అది పదే పదే 100 దాటుతుంటే అనుమానించండి. ఒక మొప్ప మూసి రెండో దానితోనే ఊపిరి తీయడం, తల విదిలించడం, రాతికి రుద్దుకోవడం, కన్ను పైపొర మసకబారడం చూడండి. వీటిలో ఏ రెండున్నా మెనూ ఆలోచన పక్కన పెట్టి పరీక్ష చేయండి.

పరీక్షకు మంచినీటి స్నానం. అడుగు నల్లగా ఉన్న టబ్ తీసుకోండి. చెన్నైలో ఇంటికొచ్చే 20 లీటర్ల క్యాన్ నీళ్ళు గాని ఆర్వో నీళ్ళు గాని వాడండి. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి వద్దు. 10 లీటర్లకు అర చెంచా వంటసోడా వేసి, అరగంట ఎయిర్‌స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) నడిపి, ట్యాంకు ఉష్ణోగ్రతకు తెచ్చి, పీహెచ్ 8.2 దగ్గర ఉందో లేదో చూడండి. వంటసోడా వదిలేస్తే క్యాన్ నీటి తక్కువ పీహెచ్ వల్ల చేపకు అదో దెబ్బ. కాపర్‌బ్యాండ్‌ను ఐదు నిమిషాలు, ఫైల్‌ఫిష్‌ను మూడు నిమిషాలు ఉంచండి. కాస్త పక్కకు వాలినా కంగారు పడక్కర్లేదు, కానీ గిలగిల కొట్టుకుంటే అప్పుడే తీసేయండి. బాగా చిక్కిన చేపకు ఈ స్నానం చేయించకండి, నేరుగా మందుకు వెళ్ళండి.

తరువాత టబ్ అడుగు చూడండి. తెల్ల నువ్వు గింజలు చెదిరినట్టు, ఒక వైపు కొంచెం కోసుగా, పాలరంగు బిళ్ళలు కనిపిస్తాయి. మంచినీటిలో చచ్చి తెల్లబడి రాలిన ఫ్లూక్స్ అవి. చిన్న చేప మీద నుంచి కూడా పదుల్లో రాలవచ్చు. ఏమీ రాలకపోతే ఫ్లూక్స్ లేవని కాదు, మొప్పల్లోనివి అలా కనిపించవు. ఊపిరి వేగం తగ్గకపోతే ఎలాగూ చికిత్స చేయండి.

మందు ప్రాజిక్వాంటెల్, క్వారంటైన్ ట్యాంకులోనే (చేపను విడిగా ఉంచే ట్యాంకు), లీటరుకు 2.5 మి.గ్రా. అంటే 100 లీటర్లకు 250 మి.గ్రా. నీటిలో సరిగా కరగదు కాబట్టి మెత్తటి పొడి చేసి, గోరువెచ్చని ట్యాంకు నీటితో సీసాలో బాగా కుదిపి పోయాలి. స్కిమ్మర్, కార్బన్, యూవీ ఆపండి, ఎయిర్‌స్టోన్ మాత్రం రెండు నడపండి. మెయిన్ ట్యాంకులో వేస్తే ఫెదర్ డస్టర్‌లు (ఈకల కుచ్చులా కనిపించే పురుగులు) చస్తాయి. మందు నడిచే రెండు రోజులు చేప తినకపోవడం సహజం.

అసలు మోసం ఎనిమిదో రోజు జరుగుతుంది. మొదటి మోతాదుతో పెద్ద పురుగులు చస్తాయి, చేప చురుగ్గా తింటుంది, యజమాని మెయిన్ ట్యాంకులో వదిలేస్తాడు. గుడ్లను ఈ మందు ఏమీ చేయలేదు. వాటికి సన్నటి దారాల్లాంటి తోకలుంటాయి, వలకి, ఎయిర్ ట్యూబ్‌కి, రాతికి చిక్కుకుని ఉంటాయి. వేడి నీటిలో అవి వారంలోపే పొదిగేస్తాయి. చల్లటి దేశాల లెక్కలు చూసి పదిహేను రోజులకు రెండో మోతాదు వేస్తే చెన్నైలో అప్పటికే కొత్త తరం గుడ్లు పెడుతుంది. కాబట్టి ఏడో రోజు నీళ్ళు 50 శాతం మార్చి రెండో మోతాదు, పద్నాలుగో రోజు మూడోది వేయండి. రెండోది వేశాక "బాగానే ఉందిగా" అని మూడోది మానేయకండి. వలను, ట్యూబ్‌ను ప్రతిసారీ మంచినీటితో కడిగి ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. మెయిన్ ట్యాంకులోని చేపలు కూడా రుద్దుకుంటుంటే వాటికీ ఇదే చికిత్స.

బాగా తింటుంది, చిక్కిపోతోంది

రోజుకు ఒకట్రెండు సార్లే పెడుతున్నారు. పగలంతా పొడుస్తూ తిరిగే చేపకు ఐదారు చిన్న భోజనాలు కావాలి. ఆఫీసుకు వెళ్ళేవాళ్ళు పొద్దున పైపు నింపి పెట్టి, సాయంత్రం తీసి కడిగేయండి, మధ్యాహ్నానికే పుల్లబడితే సగమే నింపండి. ఆరుసార్లు తిన్నా, తెల్లటి తీగలాంటి పెంట వేస్తుంటే పేగుల్లో ఫ్లాజెల్లేట్స్ (కంటికి కనిపించని పరాన్నజీవులు) ఉండవచ్చు, మెట్రోనిడజోల్ మందును మేతలో కలిపి ఇవ్వడం వైద్యుడిని అడిగి చేయండి.

రోహిణి కార్తెలోనే మానేస్తే

థర్మామీటర్ చూడండి. 29 దాటితే ఆకలి తగ్గుతుంది, వెచ్చని నీటిలో ఆక్సిజనూ తక్కువ. చిల్లర్ ఫిల్టర్ దుమ్ము దులిపి 26కి తెచ్చి, తెల్లవారుజామున ఊపిరి లెక్కపెట్టండి, రాత్రంతా తగ్గుతూ వచ్చిన ఆక్సిజన్ అట్టడుగుకు చేరేది అప్పుడే.

సయనైడ్‌తో పట్టిన చేప, నోటి గాయం, నీటిలో కరెంటు లీకు లాంటివి అరుదు. పైవన్నీ చూశాకే వీటి దగ్గరికి రండి.

క్వారంటైన్‌లో పైపు నుంచి తినడం అలవాటైన చేప మెయిన్ ట్యాంకులో వారం దాకా గుర్తుపట్టిన పైపు కోసమే వెతుకుతుంది. అదే వేళకు, అదే వైపున పెట్టండి. అయితే క్వారంటైన్‌లో వాడిన ముక్కను తీసుకెళ్ళకండి, దాని కంతల్లో గుడ్లు చిక్కుకుని ఉంటాయి. అదే కొలతలో కొత్తది కోసి పెట్టండి.