పాత జీప్ చెరోకీ: ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ కూలర్ ఎప్పుడు మార్చాలి, ఎలా మార్చాలి

అమెరికాలో ఉంటూ వారాంతాల్లో ఎడారి దారులు, కొండ దారులు పట్టి తిరగాలనుకునేవాళ్లకు ఎక్స్‌జే మోడల్ చెరోకీ ఇప్పటికీ మంచి బండి. 1987 నుంచి 2001 దాకా 4.0 లీటర్ల ఇంజిన్‌తో వచ్చినవాటిలో ఆటోమేటిక్ అంటే ఏడబ్ల్యూ4 గేర్‌బాక్స్. జపాన్‌కు చెందిన ఐసిన్ వార్నర్ తయారీ, టయోటా ఏ340 కుటుంబంలోదే, చాలా గట్టిది. దాన్ని పాడుచేసేవి ముఖ్యంగా రెండు: వేడి, నీళ్లు. రెండింటికీ దారి కూలర్ దగ్గరే ఉంటుంది. కానీ కూలర్ పోయిందని ఎవరో చెప్పగానే కొత్తది కొని బిగించేయకండి, ముందు ఆయిల్‌ని చూడండి.

ఈ బండిలో కూలర్ అంటే ఒకటి కాకపోవచ్చు. అసలు కూలర్ రేడియేటర్ పక్క ట్యాంకు లోపల కూలెంట్‌లో (ఇంజిన్‌ని చల్లబరిచే, నీళ్లు కలిసిన ద్రవం) మునిగి ఉంటుంది, బయటికి కనిపించదు. ట్రెయిలర్ లాగడానికి టో ప్యాకేజీతో వచ్చిన బండ్లలో రేడియేటర్ ముందు ఇంకో చిన్న కూలర్ కూడా ఉంటుంది. గేర్‌బాక్స్ నుంచి వేడి ఆయిల్ స్టీలు పైపులో ముందుకు వెళ్లి, వీటిగుండా తిరిగి, చల్లబడి వెనక్కి వస్తుంది.

గేర్‌బాక్స్ డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే పుల్ల) తీసి తెల్లటి టిష్యూ మీద ఒక చుక్క వేయండి. పారదర్శకంగా ఎర్రగా ఉంటే లోపల అంతా బాగానే ఉంది, మీ సమస్య బయటి లీకు అయి ఉండొచ్చు. గోధుమ రంగులో మాడిన వాసన వస్తే వేడి. స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్‌లా గులాబీ రంగులో నురగగా ఉంటే నీళ్లు కలిశాయి. ఆ మూడోది కనిపిస్తే ఇంజిన్ స్టార్ట్ చేయకండి, ఇంటికి దగ్గరే కదా అని నడపకండి, టో ట్రక్ పిలవండి.

ఆయిల్ గులాబీ రంగులో ఉంది

రేడియేటర్ లోపలి కూలర్ తుప్పు పట్టి గానీ పగిలి గానీ ఉంటుంది. బండి నడుస్తున్నప్పుడు సాధారణంగా గేర్‌బాక్స్ ఆయిల్ ఒత్తిడే ఎక్కువ కాబట్టి ఆయిల్ కూలెంట్‌లోకి పోతుంది. ఇంజిన్ ఆపగానే ఆయిల్ ఒత్తిడి సున్నాకి పడిపోతుంది, కూలెంట్ ఒత్తిడి మాత్రం చల్లబడేదాకా అలాగే ఉంటుంది, అప్పుడు కూలెంట్ వెనక్కి తిరిగి గేర్‌బాక్స్‌లోకి దూరుతుంది. అంటే బండి పార్కింగ్‌లో ఊరికే నిలబడి ఉన్నప్పుడే నష్టం జరుగుతుంది. కూలెంట్ తగిలితే క్లచ్ ప్లేట్ల మీది ఫ్రిక్షన్ పొరను పట్టి ఉంచే జిగురు వదిలేస్తుంది, ఆ తర్వాత ఎన్నిసార్లు ఆయిల్ మార్చినా ప్లేట్లు బాగుపడవు.

హెడ్ గాస్కెట్ (ఇంజిన్ లోపల ఆయిల్, కూలెంట్ కలవకుండా ఆపే సీలు) పోయిందేమో అన్న అనుమానం ఇక్కడే చాలామందికి వస్తుంది. ఇంజిన్ ఆయిల్ డిప్‌స్టిక్ శుభ్రంగా ఉండి, గేర్‌బాక్స్ ఆయిల్ మాత్రమే పాలరంగు తిరిగి, కూలెంట్ డబ్బాలో గులాబీ జిగురు తేలుతుంటే అది రేడియేటరే. రూఢి చేసుకోవాలంటే రెండు ఆయిల్ పైపులూ విప్పి, కూలర్ ఒక చివర మూసి, రెండో చివర నుంచి తక్కువ ఒత్తిడితో గాలి పెట్టండి. రేడియేటర్ మూత తీసి ఉంటే బుడగలు కనిపిస్తాయి. ఇది ఇంజిన్ పూర్తిగా చల్లబడ్డాకే చేయాలి.

పరిష్కారం కొత్త రేడియేటర్. లోపలి కూలర్‌కి వెల్డింగ్ అని ఎవరైనా అంటే వినకండి. గేర్‌బాక్స్‌లో మొత్తం సుమారు 8 లీటర్ల ఆయిల్ పడుతుంది, డ్రెయిన్ ప్లగ్ తీస్తే అందులో సగమే దిగుతుంది, మిగతాది టార్క్ కన్వర్టర్‌లో (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) ఉండిపోతుంది. అందుకే పాన్ దించి, ఫిల్టర్ మార్చి, ఆయిల్ పోసి, కాసేపు నడిపి మళ్లీ దించడం, ఇలా ఎర్రటి ఆయిల్ వచ్చేదాకా చేయాలి. కూలెంట్ వైపు కూడా కడిగించాలి. లోపల ఎంతకాలంగా నీళ్లు ఉన్నాయన్నదాన్ని బట్టే గేర్‌బాక్స్ దక్కుతుందా లేదా అన్నది తేలుతుంది. నా ఉద్దేశంలో పాత బండి కొన్నప్పుడు రేడియేటర్ ఎప్పుడు మార్చారో తెలియకపోతే, చూడ్డానికి బాగున్నా సరే, దాన్ని ముందే మార్చేయడం మంచిది. గేర్‌బాక్స్ విప్పించే ఖర్చు పక్కన రేడియేటర్ ఖర్చు అసలు లెక్కలోకే రాదు.

ముందు భాగంలో ఎర్రటి చుక్కలు

చాలాసార్లు ఇది కూలర్ కాదు. పైపులు రేడియేటర్‌కి కలిసే చోట ఉండే క్విక్ కనెక్ట్ ఫిట్టింగుల్లో చిన్న ప్లాస్టిక్ క్లిప్పు, ఓరింగులు ఉంటాయి, ఏళ్ల తరబడి వేడికి అవి గట్టిపడి కారుతాయి. పవర్ స్టీరింగ్ లీకు కూడా ఇలాగే మోసం చేస్తుంది. బ్రేక్ క్లీనర్‌తో మొత్తం కడిగి ఆరబెట్టి, ఇంజిన్ వేడెక్కేదాకా నడిపి, టార్చి వేసి చూడండి. గాలికి ఆయిల్ వెనక్కీ కిందికీ పాకుతుంది కాబట్టి అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు తడిగా ఉన్న చోటే అసలు లీకు. ఫిట్టింగే అయితే ఓరింగు, క్లిప్పు కిట్ సరిపోతుంది.

స్టీలు పైపు తుప్పు పట్టి చిల్లు పడితే, కోసిన పైపు మీదికి రబ్బరు హోస్ ఎక్కించి క్లాంపు బిగించి వదిలేయకండి. పైపు చివర ఉబ్బు ఉండేలా ఫ్లేర్ చేయాలి, లేకపోతే ఒత్తిడికి హోస్ జారిపోతుంది. పెట్రోల్ హోస్ ఈ పనికి రాదు, ట్రాన్స్‌మిషన్ కూలర్ కోసమే చేసిన హోస్ కొనండి, దాని మీద ఎస్‌ఏఈ జే1532 అని రాసి ఉంటుంది.

ఆయిల్ గోధుమ రంగు, మాడు వాసన

అరిజోనాలో ఫీనిక్స్ నుంచి ఫ్లాగ్‌స్టాఫ్ వెళ్లే ఐ-17 హైవేనే తీసుకోండి. సుమారు 1,100 అడుగుల ఎత్తు నుంచి దాదాపు 7,000 అడుగులకు ఎక్కుతుంది, బ్లాక్ కాన్యన్ సిటీ దాటాక వేడెక్కకుండా ఏసీ ఆపమని బోర్డులే ఉంటాయి. అలాంటి చోట, లేదా మెత్తటి ఇసుకలో నెమ్మదిగా లాగుతున్నప్పుడు టార్క్ కన్వర్టర్ లాక్ కాదు, అంటే ఇంజిన్‌తో నేరుగా కలిసి తిరగదు, లోపల ఆయిల్ చిలికినట్టు తిరిగి వేడి పుడుతుంది. మామూలుగా ఆయిల్ 80 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. 115 దాటితే వార్నిష్‌లాంటి పొర పేరుకోవడం మొదలవుతుంది.

కొత్త కూలర్ కొనే ముందు ఇవి చూడండి. కూలర్ రెక్కల మధ్య ఎండిన బురద, పురుగులు ఉన్నాయా? ఉంటే ఇంజిన్ వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడి నీళ్లతో కడగండి. ఫ్యాన్ క్లచ్, ఎలక్ట్రిక్ ఫ్యాన్ సరిగ్గా పనిచేస్తున్నాయా? రాయి తగిలి స్టీలు పైపు ఎక్కడైనా నొక్కుకుపోయిందా? తర్వాత ఆయిల్ ప్రవాహం కొలవండి. వేడిగా ఉన్నప్పుడు గేర్‌బాక్స్‌కి తిరిగి వచ్చే పైపు విప్పి డబ్బాలో పెట్టి, న్యూట్రల్‌లో ఐడిల్ మీద ఇంకొకరి చేత ఇంజిన్ నడిపించండి. క్రైస్లర్ గేర్‌బాక్సులకు వాడే లెక్క 20 సెకన్లలో ఒక క్వార్ట్, అంటే లీటరుకు కాస్త తక్కువ, ఇక్కడా అదే కొలతగా పెట్టుకోవచ్చు. అంతకు మించి నడపకండి, పంపు ఎండిపోతుంది. తక్కువగా వస్తే, దిగిన ఆయిల్ తిరిగి పోశాక, కూలర్‌కి వెళ్లే పైపు దగ్గర అదే పరీక్ష చేయండి: అక్కడ బాగా వస్తే కూలర్ మూసుకుపోయింది, అక్కడా తక్కువైతే తప్పు గేర్‌బాక్స్ లోపల ఉంది.

నడిపే తీరు కూడా మందే. ఇసుకలో, రాళ్లలో ‘4 లో’ (ఫోర్‌వీల్ డ్రైవ్‌లోని తక్కువ వేగపు గేరు) వాడండి, దానికి 2.72 రెట్ల నిష్పత్తి ఉంది కాబట్టి కన్వర్టర్ మీద భారం బాగా తగ్గుతుంది. కొండ ఎక్కుతూ గేర్లు అటూ ఇటూ మారుతుంటే లివర్ 3లో పెట్టండి.

మార్చే పని

బయటి కూలర్ అయితే ప్లేట్ రకం తీసుకోండి, ట్యూబు రకం కన్నా అది అదే సైజులో బాగా చల్లబరుస్తుంది. వరుస ఇలా ఉండాలి: గేర్‌బాక్స్, రేడియేటర్ కూలర్, బయటి కూలర్, తిరిగి గేర్‌బాక్స్. ఏ పైపు వేడిదో, ఏది చల్లదో ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో ముందే చూసి టేపు అంటించండి. మిన్నెసోటాలాంటి చలి ప్రాంతాల్లో రేడియేటర్ కూలర్‌ని తీసేయకపోవడమే మేలు, చలికాలంలో ఆయిల్‌ని వేడెక్కించేది కూడా అదే.

కూలర్‌ని బ్రాకెట్‌తో బాడీకి బిగించండి. రెక్కల మధ్య నుంచి ప్లాస్టిక్ టైలు దూర్చి రేడియేటర్‌కి కట్టే కిట్లు వస్తాయి, రాళ్ల దారిలో ఆ కుదుపుకి రెండూ రాసుకుని చిల్లు పడతాయి. పోర్టులు పైకి గానీ పక్కకి గానీ ఉండాలి, కిందికి ఉంటే గాలి చిక్కుకుంటుంది. రేడియేటర్ ఫిట్టింగ్ విప్పేటప్పుడు ట్యాంకు వైపు నట్‌ని రెండో పానాతో కదలకుండా పట్టుకోండి. ఇది మర్చిపోతే లోపలి కూలర్ మెలిపడి పగులుతుంది, అంటే లేని గులాబీ సమస్యను మన చేతులతోనే తెచ్చుకున్నట్టు.

గేర్‌బాక్స్ లోపల విరిగి ఇనుప పొడి వచ్చి ఉంటే పాత కూలర్‌ని కడిగి వాడొద్దు. ప్లేట్ల మధ్య ఇరుక్కున్న పొడి పూర్తిగా రాదు, అది కొత్త గేర్‌బాక్స్‌లోకి వెళుతుంది. కొత్తది వేసి, తిరిగి వచ్చే పైపులో మాగ్నెట్ ఉన్న ఇన్‌లైన్ ఫిల్టర్ పెట్టండి.

ఆయిల్ డెక్స్‌రాన్ రకమే పోయాలి. జీప్ కదా అని క్రైస్లర్ ఏటీఎఫ్+4 పోసేవాళ్లున్నారు, ఏడబ్ల్యూ4కి అది సరిపోదు. కొత్త కూలర్, హోసులు నిండాలి కాబట్టి మొదట స్టార్ట్ చేయగానే లెవెల్ పడిపోతుంది. బ్రేక్ మీద కాలు పెట్టి లివర్‌ని అన్ని గేర్లలోకీ నెమ్మదిగా తిప్పి, ఓనర్ మాన్యువల్ చెప్పిన గేర్‌లో పెట్టి, ఇంజిన్ నడుస్తుండగానే చూసి కొద్దికొద్దిగా పోయండి. డిప్‌స్టిక్ మీద నురగ ఉన్నా, డ్రైవ్‌లో పెడితే బండి ఆలస్యంగా అందుకున్నా లెవెల్ తేడా అనుకోండి. తక్కువైనా ఎక్కువైనా నురగ వస్తుంది. అసలు లెవెల్ ఆయిల్ బాగా వేడెక్కాకే తెలుస్తుంది. మొదటి వారం రాత్రిపూట బండి ముందు భాగం కింద అట్ట ముక్క వేసి ఉంచండి, కొన్నిసార్లు వేడెక్కి చల్లబడ్డాక క్లాంపులు కాస్త వదులవుతాయి, అప్పుడు ఇంకోసారి బిగించండి.