వన్యప్రాణుల బొమ్మల పోటీకి పిల్లలను ఎలా సిద్ధం చేయాలి?

ఏటా అక్టోబరు 2 నుంచి 8 వరకు వన్యప్రాణి వారోత్సవాలు. అంతకు ముందే మా శ్రీకాకుళం జిల్లా బడులకు బొమ్మల పోటీ కబురు వస్తుంది. అంశం దాదాపు ఎప్పుడూ ఒకటే: మన ప్రాంతపు జంతువులు, పక్షులు, మొక్కలు. డ్రాయింగ్ మాస్టారిగా చాలా ఏళ్లు పిల్లలను ఈ పోటీలకు తయారు చేశాను. బహుమతులు నిర్ణయించే బల్ల దగ్గరా కూర్చున్నాను. బొమ్మల కట్ట విప్పితే పైన సింహం, దాని కింద జిరాఫీ, ఆ కింద మంచు మీద పెంగ్విన్. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో చెట్ల నిండా కొంగలు గూళ్లు కట్టుకుంటాయి. ఆ పక్క ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు కూడా ఫోనులో దొరికిన రాజహంసనే గీసుకొస్తారు.

తప్పు పిల్లలది కాదు. పోటీకి రెండు రోజుల ముందు ఫోను చేతికిచ్చి “ఏదో ఒకటి చూసి వేసెయ్” అనే పెద్దలది. అందుకే ఇది పెద్దల కోసం రాస్తున్నాను. కనీసం మూడు వారాల ముందు మొదలుపెట్టండి.

కావలసినవి

పెద్ద డ్రాయింగ్ షీట్లు రెండు, ఒకటి పాడైతే ఇంకొకటి. చేతిలో పట్టే గీతల్లేని నోటుపుస్తకం ఒకటి. 2బి పెన్సిలు, మెత్తని రబ్బరు, వాటర్ కలర్ పెట్టె, ఒక సన్న కుంచె, ఒక లావు కుంచె. స్కెచ్ పెన్నులు వద్దు, ఇంట్లో ఉంటే దాచేయండి. నల్ల స్కెచ్ పెన్నుతో అంచు కట్టిన పక్షి రేకు మీద అచ్చు గుద్దినట్టు ఉంటుంది, ఎగరదు. ఖరీదైన రంగులూ అవసరం లేదు. పన్నెండు రంగుల పెట్టె చాలు.

ఏది గీయాలో నిర్ణయించడం

నియమం ఒక్కటే: పిల్ల తన కళ్లతో చూసినదో, పోటీలోపు చూడగలిగినదో అయి ఉండాలి. అది ఈ నేలదే అయి ఉండాలి.

ఈ రెండో మాట దగ్గరే చాలామంది జారిపోతారు. పలాస పిల్లలు జీడిమామిడి గీస్తారు. మా జిల్లాలోని ఉద్దానం ప్రాంతానికి అన్నం పెట్టే చెట్టే, కాదనను. కానీ అది బ్రెజిల్ నుంచి పోర్చుగీసువారు తెచ్చిన చెట్టు. తీరం పొడవునా కనిపించే సరుగుడు తోటలు మనిషి నాటినవి. యూకలిప్టస్ ఆస్ట్రేలియాది. చెరువుల్లో ఊదాపూలతో అందంగా కనిపించే గుర్రపుడెక్క దక్షిణ అమెరికా నుంచి వచ్చి మన కలువలకు చోటు లేకుండా చేస్తోంది. దానిని “మన మొక్క” అని గీసిన బొమ్మకు మార్కులు ఎలా వేస్తాం? తాటి, వేప, మర్రి, మోదుగ, తంగేడు, తామర, తీరంలో మొగలి పొద, ఇసుక మీద పాకే మేకగిట్ట ఆకుల తీగ: ఇవి మనవి. చింత పుట్టిల్లు ఆఫ్రికా అని వృక్షశాస్త్రం చెబుతుంది. అయినా అది వేల ఏళ్లుగా ఇక్కడ ఉంది, కొంగలు దాని మీద గూళ్లు కడుతున్నాయి. గూటి చెట్టుగా చూపిస్తే నేను ఒప్పుకుంటాను.

రాష్ట్ర చిహ్నాలు గీయించాలనుకునే ఉపాధ్యాయులకు ఒక మాట. పాలపిట్ట ఇప్పుడు మన రాష్ట్ర పక్షి కాదు, తెలంగాణది. 2018 నుంచి ఆంధ్రప్రదేశ్ పక్షి రామచిలుక, జంతువు కృష్ణజింక, చెట్టు వేప, పువ్వు మల్లె. పాలపిట్ట మన పొలాల్లో కరెంటు తీగ మీద రోజూ కూర్చుంటుంది కాబట్టి నిక్షేపంగా గీయవచ్చు. కింద “మన రాష్ట్ర పక్షి” అని మాత్రం రాయించకండి.

మందస, సోంపేట వైపు పిల్లలు ఎలుగుబంటి గీస్తామంటారు. జీడితోటల్లోకి అవి నిజంగా వస్తాయి, మనుషుల మీద పడతాయి కూడా. చూడటానికి తోటలోకి పిల్లను తీసుకెళ్లే సాహసం చేయకండి. విశాఖలోని ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాలకు తీసుకెళ్లండి. గుబురు నల్లజుట్టు, పాలిపోయిన మూతి, రొమ్ము మీద తెల్లటి వంపు గీత, పొడవాటి గోళ్లు చూపించండి. లేకపోతే బొమ్మల దుకాణంలోని గోధుమరంగు ఎలుగే షీటు మీదికి వస్తుంది. ఏనుగుదీ అదే కథ. 2007లో ఒడిశా అడవుల నుంచి మన జిల్లాల్లోకి ఏనుగులు దిగాయి, ఆ తర్వాతా వచ్చాయి. పిల్లలు మాత్రం భుజాలు కప్పే చాటంత చెవుల ఆఫ్రికా ఏనుగును గీస్తారు. మన ఏనుగు చెవి చిన్నది, నడినెత్తి రెండు గుబ్బలుగా ఉంటుంది, ఆడ ఏనుగుకు సాధారణంగా బయటికి కనిపించే దంతాలు ఉండవు.

నన్ను అడిగితే, మొదటిసారి పోటీకి వెళ్లే పిల్లకు కొంగే సరైనది. పెద్దది, నెమ్మదైనది, చాలాసేపు కదలకుండా నిలబడుతుంది.

చూసి గీయడం: అంతా ఇక్కడే ఉంది

మిగతా పనులన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఇక్కడ తొందరపడితే తర్వాత ఎంత బాగా రంగులు వేసినా బొమ్మ నిలబడదు. దీనికి రెండు ఉదయాలు కేటాయించండి. ఒకటి సరిపోదు.

వానలు పడ్డాక ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి నత్తగుల్ల కొంగలు (ఓపెన్‌బిల్ స్టార్క్) వస్తాయి. ఊరి చెట్ల మీదే, ఇళ్ల పక్కనే గూళ్లు. తేలినీలాపురానికి ఎర్రకాళ్ల కొంగలు (పెయింటెడ్ స్టార్క్), గూడబాతులు (పెలికాన్) సెప్టెంబరు, అక్టోబరు ప్రాంతంలో వచ్చి ఎండలు ముదిరేలోపు వెళ్తాయి. అంత దూరం వెళ్లలేకపోతే మీ ఊరి చెరువుగట్టు చాలు. తెల్లకొంగ ఎక్కడైనా ఉంటుంది.

ముందు జాగ్రత్తలు. గూళ్లున్న చెట్టు కిందికి వెళ్లకండి. చప్పట్లు కొట్టి, రాయి విసిరి పక్షులను లేపకండి. ఎగిరితే ఫొటో బాగుంటుందని కొందరు పెద్దలే ఈ పని చేయడం చూశాను, అక్కడే గట్టిగా మందలించాను. తల్లి లేచిన గూడు మీద కాకులు వాలతాయి, గుడ్లు పోతాయి. ఈకలు రాని పిల్లలకు తల్లి రెక్కల నీడ తప్ప ఎండ నుంచి వేరే దిక్కు లేదు. ఆ ఊళ్లవాళ్లు ఈ పక్షులను ఇంటికి వచ్చిన బిడ్డల్లా చూసుకుంటారు. వాళ్లు ఎక్కడ నిలబడమంటే అక్కడే నిలబడండి. కొట్టొచ్చినట్టు కనిపించే రంగుల బట్టలు వేయించకండి. పొద్దున్నే, ఎండ పక్షి మీద పడేలా, మీ వీపు సూర్యుడి వైపు ఉండేలా కూర్చోండి. ఎదురెండలో చూస్తే పక్షి నల్లటి మచ్చలా కనిపిస్తుంది, రంగులు తెలియవు.

మొదటి పావుగంట పెన్సిలు తీయనివ్వకండి. ఊరికే చూడమనండి. పిల్లకు విసుగు పుడుతుంది, పుట్టనివ్వండి. విసుగు దాటాకే కన్ను తెరుచుకుంటుంది. అప్పుడు అడగండి: ముక్కు నిటారుగా ఉందా, కొస వంగిందా? మెడ ఎక్కడ మొదలైంది? కాలు ఎటు మడిచింది?

కాలు దగ్గరే ఎక్కువ బొమ్మలు పాడవుతాయి. పిల్లలు పక్షి కాలును మనిషి కాలులా మోకాలు ముందుకు వంచి గీస్తారు. కొంగ కాలి మధ్యలో వెనక్కి వంగే కణుపు మోకాలు కాదు, చీలమండ. అసలు మోకాలు పొట్ట ఈకల్లో దాగి ఉంటుంది. ఈ ఒక్క మాట పిల్లకు అర్థమైతే కొంగ దానంతట అదే కాళ్ల మీద నిలబడుతుంది.

రెండోది ఎగిరేటప్పటి మెడ. నత్తగుల్ల కొంగ, ఎర్రకాళ్ల కొంగ మెడను ముందుకు చాచి ఎగురుతాయి. చెరువులోని తెల్లకొంగ, బూడిదరంగు నారాయణపక్షి మెడను మడిచి భుజాల మధ్యకు లాక్కుని ఎగురుతాయి. గూడబాతు కూడా తలను వెనక్కి పెట్టుకునే ఎగురుతుంది. ఆకాశంలో ఒక చిన్న పక్షిని తప్పుగా గీస్తే, పక్షులు తెలిసిన న్యాయనిర్ణేత కన్ను ముందు దాని మీదే పడుతుంది.

మూడోది ముక్కు. నత్తగుల్ల కొంగ రెండు ముక్కు భాగాల మధ్య నడుమ సందు ఉంటుంది. అందులోంచి అవతలి వెలుగు కనిపిస్తుంది. పిల్లపక్షికి ఆ సందు ఉండదు, ఎదిగాకే ఏర్పడుతుంది. గూటిలోని పిల్లలకు కూడా సందు గీశారంటే చూడకుండా గీశారని అర్థం. ఎర్రకాళ్ల కొంగ ముక్కు పసుపు, కొస కొద్దిగా కిందికి వంగి ఉంటుంది. ఈకల్లేని ముఖం నారింజరంగు, రొమ్ము మీద నలుపు తెలుపుల పట్టీ, తోక దగ్గర గులాబీ ఈకలు. గూడబాతుకు పైముక్కు అంచున చుక్కలు, కింద సంచి.

కొలతకు నా పద్ధతి ఇది. చేయి చాచి, ఒక కన్ను మూసి, పెన్సిలు మీద బొటనవేలితో పక్షి ముక్కు పొడవు పట్టుకోవాలి. ఆ కొలతతో ఒళ్లు ఎన్ని ముక్కులు, కాళ్లు ఎన్ని ముక్కులు అని లెక్కపెట్టి నోటుపుస్తకంలో రాసుకోవాలి. పెద్దవాళ్లు ఆ అంకెలు చెప్పకూడదు. పిల్ల లెక్క కొంచెం తప్పినా, అది పిల్ల చూసిన లెక్క.

నోటుపుస్తకంలో ఒక బొమ్మ కాదు, కనీసం పది ఉండాలి. ఒకటి కాలు మాత్రమే, ఒకటి తల మాత్రమే, ఒకటి ముడుచుకుని నిద్రపోతున్నది. పక్షి కదిలిందని సగంలో వదిలేసినవీ ఉంచాలి, చెరపకూడదు. పక్కన రంగుల పేర్లు రాయాలి. చెట్టు ఆకులూ రెండు మూడు గీసుకోవాలి. చింతాకుకూ వేపాకుకూ తేడా తెలియని బొమ్మలో గూడు ఏ చెట్టు మీద ఉందో ఎవరికీ తెలియదు. తాటికి విసనకర్ర లాంటి మట్టలు, ఈతకు ఈక లాంటి మట్టలు. రెండింటికీ కొబ్బరాకే గీసే అలవాటు మానిపించండి.

ఫోనులో ఫొటో తీసి ఇంట్లో చూసి గీస్తే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. ఫొటోలో ఒక్క క్షణమే ఉంటుంది, ఆ క్షణాన కాలు రెక్క చాటున ఉంటే పిల్లకు కాలు తెలియదు. కార్బన్ పెట్టి దించడం, గళ్లు గీసి పెంచడం ఇంకా అన్యాయం. చేయి తిరుగుతుంది కానీ కన్ను నేర్చుకోదు. కొన్నిచోట్ల శిక్షణ పేరుతో రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద ఏరు, గుడిసె, కొబ్బరిచెట్టు నేర్పి, ఏ అంశం ఇచ్చినా అందులోనే ఒక నెమలిని పెట్టిస్తున్నారు. ఒక పోటీలో అలాంటి బొమ్మకే మొదటి బహుమతి ఇచ్చారు. చెరువుగట్టున వారం రోజులు కూర్చుని గూడబాతును గీసిన మా పిల్లకు ఏమీ రాలేదు. ఆ పిల్ల నోటుపుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది. అందులోని గూడబాతు సంచి మీది ముడతలు నేను అంతవరకు గమనించనివి.

సముద్ర తాబేలు గీయాలనుకుంటే కాలం చూసుకోండి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి చలికాలం చివర గుడ్లు పెట్టడానికి వస్తాయి, అదీ రాత్రివేళ. సంరక్షణ కేంద్రాల నుంచి తాబేలు పిల్లలను సముద్రంలోకి వదిలేది ఎండాకాలం మొదట్లో. అక్టోబరు పోటీకి ఆ ఎండాకాలమే వెళ్లి గీసి ఉంచుకోవాలి. చెరువు తాబేలు కాళ్లు దానికి పెట్టకండి, తెడ్ల లాంటి రెక్కలుంటాయి. డిప్ప నడిమి వరుసకు ఇరువైపులా పలకలు సాధారణంగా ఆరు, అంతకు మించి. పచ్చ తాబేలుకు నాలుగే. లెక్కపెట్టించండి.

పెద్ద షీటు మీదికి

నోటుపుస్తకంలోని పదింటిలో మూడు ఎంచుకుని ఒకే చెట్టు మీద కూర్చండి. ప్రధాన పక్షి షీటులో సగం ఎత్తు ఉండాలి, సరిగ్గా నడిమధ్యలో ఉండకూడదు. పెన్సిలు గీత తేలికగా ఉండాలి.

రంగులు

తెల్ల పక్షికి తెల్ల రంగు వేయకూడదు. కాగితమే తెలుపు. చుట్టూ ఆకాశం, ఆకులు వేసుకుంటూ వస్తే పక్షి దానంతట అదే తేలుతుంది. నీడ పడిన చోట పలచని బూడిద నీలం చాలు. ఒక రంగు ఆరాకే పక్కది. ఆకులకు పెట్టెలోని పచ్చరంగు అలాగే వేయకుండా కొంచెం పసుపు, కొంచెం గోధుమరంగు కలపండి. రంగు పని మొత్తం రెండు సాయంత్రాల్లో అయిపోతుంది.

వెనుక రాత

షీటు వెనుక పిల్ల పేరు, తరగతితో పాటు ఏ పక్షి, ఏ చెట్టు, ఏ ఊరిలో, ఏ నెలలో చూసిందీ పిల్ల చేతే నాలుగు వాక్యాలు రాయించండి. “సైబీరియా నుంచి వచ్చిన అతిథులు” అని రాయించకండి. ఎర్రకాళ్ల కొంగ, నత్తగుల్ల కొంగ, మన గూడబాతు మూడూ దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులు. గూడు కట్టే కాలానికి చెరువులను, చెట్లను వెతుక్కుంటూ వస్తాయి. ఆ సైబీరియా మాట నమ్మి వెనుక మంచుకొండలు గీసిన బొమ్మలను చూశాను.

షీటును గొట్టంలా చుట్టకండి. రెండు అట్టల మధ్య పెట్టి, వాన తగలకుండా ప్లాస్టిక్ కవరు వేసి, పిల్ల చేతికే ఇచ్చి పంపండి. నోటుపుస్తకం కూడా వెంట ఉండాలి. ఎవరైనా “ఇది నువ్వే గీశావా?” అని అడిగితే తెరిచి చూపించవచ్చు.