సొంత సీఎన్‌సీకి స్టెప్పర్ డ్రైవ్ ఎంచుకోవడం ఎలా?

సీఎన్‌సీ అంటే కంప్యూటర్ ఆదేశాలతో కదిలే కోత యంత్రం. దాన్ని కదిలించే స్టెప్పర్ మోటార్ చిన్న చిన్న అడుగులుగా (స్టెప్పులుగా) తిరుగుతుంది, దానికి కరెంట్ అందించేది డ్రైవ్. డ్రైవ్ కొనే ముందు మోటార్ డేటాషీట్ తెరవండి. అందులో ముఖ్యంగా చూడాల్సినవి రెండు అంకెలు: ఒక్కో ఫేజ్‌కి (కాయిల్‌కి) కరెంట్ ఎంత, ఇండక్టెన్స్ ఎంత. నేమా 23 అన్నది మోటార్ ముందు పలక కొలత (సుమారు 57 మి.మీ. చదరం), అంతే. టార్క్ (తిప్పే బలం) గురించి అది ఏమీ చెప్పదు. లేబుల్ మీద 3.2 వోల్టులని ఉంటే దాన్ని పట్టించుకోనక్కర్లేదు. కాయిల్ రెసిస్టెన్స్‌ని కరెంట్‌తో గుణిస్తే వచ్చే అంకె అది. ఇప్పటి డ్రైవ్‌లు ఎక్కువ వోల్టేజీతో కరెంట్‌ని త్వరగా పెంచి, మనం పెట్టిన హద్దు చేరగానే కోసేస్తూ ఉంటాయి. అందుకే 36 వోల్టులు ఇచ్చినా ఆ మోటార్‌కి ఏమీ కాదు.

అంత వోల్టేజీ వేగం కోసం. కాయిల్‌లో కరెంట్ పెరగడాన్ని ఇండక్టెన్స్ అడ్డుకుంటుంది. వేగం పెరిగేకొద్దీ ఒక్కో స్టెప్పుకి దొరికే సమయం తగ్గుతుంది, కరెంట్ పూర్తిగా పెరిగేలోపే తర్వాతి స్టెప్పు వచ్చేస్తుంది, టార్క్ పడిపోతుంది. నెమ్మదిగా కోసేటప్పుడు బాగానే ఉండి, ర్యాపిడ్ కదలికల్లో (కోయకుండా వేగంగా జరిగేటప్పుడు) స్టెప్పులు పోతున్నాయంటే తరచూ కారణం ఇదే. చాలామంది అక్కడ ఇంకా పెద్ద మోటార్ కొంటారు. పెద్ద మోటార్‌కి సాధారణంగా ఇండక్టెన్స్ కూడా ఎక్కువే, కాబట్టి అదే సప్లై మీద సమస్య ఇంకా ముదరవచ్చు.

వోల్టేజీకి పై హద్దు తేల్చే లెక్క ఒకటి వాడుకలో ఉంది. మిల్లీహెన్రీల్లో ఉన్న ఇండక్టెన్స్ వర్గమూలాన్ని 32తో గుణించండి. 2.5 మిల్లీహెన్రీల మోటార్‌కి 50 వోల్టులు, 1.6కి 40 వోల్టులు వస్తాయి. అది దాటితే మోటార్ అనవసరంగా వేడెక్కుతుంది. ఆ హద్దులో ఇంచుమించు 70 శాతం దగ్గర నడిపినా ఇంట్లో కట్టుకునే రౌటర్‌కి (చెక్క లాంటివి చెక్కే సీఎన్‌సీకి) సరిపోతుంది.

ఇప్పుడు డ్రైవ్ సంగతి. నేమా 17తో చిన్న లేజర్, పెన్ ప్లాటర్ అయితే ఏ4988, డీఆర్‌వీ8825 బోర్డులు చాలు. స్పిండిల్ (కోత పనిముట్టుని తిప్పే మోటార్) పెట్టి చెక్క, అల్యూమినియం కోయాలంటే వాటి జోలికి వెళ్లొద్దు. టీబీ6600 పేరుతో అమ్మే పెట్టెల్లో చాలావాటిలో ఉండేది ఆ చిప్ కాదు, టీబీ67ఎస్109. పెట్టె మీద 4 ఆంప్స్ అని ఉన్నా 3 దాటించకపోవడం మంచిది. నేమా 23కి మా ఎంపిక డీఎం542 తరహా డిజిటల్ డ్రైవ్: 20 నుంచి 50 వోల్టులు, 4.2 ఆంప్స్ పీక్. మధ్య వేగాల్లో మోటార్ వణుకుతూ ఆగిపోయే రెజొనెన్స్‌ని ఇది బాగా అణచగలదు. ఖర్చు పెరిగినా తేడా అక్కడే తెలుస్తుంది.

పీక్, ఆర్ఎంఎస్ రెండూ కలిపేసుకోవద్దు. పీక్ అంటే కరెంట్ చేరే గరిష్ఠ విలువ, ఆర్ఎంఎస్ అంటే ఒక రకం సగటు విలువ. 4.2 పీక్ అంటే 3.0 ఆర్ఎంఎస్. మోటార్ మీద ఉండేది సాధారణంగా ఆర్ఎంఎస్. 2.8 ఆంప్స్ మోటార్‌కి డీఎం542లో 3.76 పీక్, అంటే 2.69 ఆర్ఎంఎస్ అని ఉన్న వరస ప్రకారం డ్రైవ్ మీది స్విచ్‌లు పెట్టండి. మోటార్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా వెంటనే అనుమానపడొద్దు, పైభాగం 80 డిగ్రీల వరకు వెళ్లడం స్టెప్పర్లకు మామూలే.

50 వోల్టుల డ్రైవ్‌కి 48 వోల్టుల సప్లై కలపకండి. బరువైన గ్యాంట్రీ (స్పిండిల్‌ని మోస్తూ కదిలే అడ్డ చట్రం) ఆగేటప్పుడు మోటార్ జనరేటర్‌లా పనిచేసి కరెంట్‌ని వెనక్కి తోస్తుంది. ఎస్ఎంపీఎస్ (మామూలుగా వాడే స్విచింగ్ పవర్ సప్లై) దాన్ని మింగదు, వోల్టేజీ ఎగిరి డ్రైవ్ పోతుంది. 36 వోల్టులు క్షేమం. ఎన్ని ఆంప్స్ కావాలో తేల్చడానికి అన్ని మోటార్ల ఫేజ్ కరెంట్ కూడి, అందులో మూడింట రెండు వంతులు తీసుకోండి. 3 ఆంప్స్ మోటార్లు మూడైతే 6 ఆంప్స్, అంటే 36 వోల్టుల దగ్గర 216 వాట్లు. 350 వాట్ల సప్లై హాయిగా లాగుతుంది. వై యాక్సిస్‌కి రెండు మోటార్లుంటే డ్రైవ్‌లు కూడా రెండు పెట్టి, స్టెప్ (అడుగు వేయమనేది), డైరెక్షన్ (ఏ దిశో చెప్పేది) సిగ్నల్ రెండు డ్రైవ్‌లకీ ఒకటే ఇవ్వండి. లెక్కలో నాలుగో మోటార్‌ని మరిచిపోవద్దు.

మైక్రోస్టెప్ (ఒక్క స్టెప్పుని ఎన్ని ముక్కలు చేయాలన్నది) ఎక్కువ పెడితే కచ్చితత్వం పెరుగుతుందన్నది అపోహ. 1/16 దగ్గర ఒక్క మైక్రోస్టెప్పు కదలికకి దొరికే టార్క్ హోల్డింగ్ టార్క్‌లో (ఆగి ఉన్నప్పుడు మోటార్ పట్టి ఉంచగల బలంలో) 10 శాతం లోపే. దాన్ని స్క్రూ రాపిడే తినేయగలదు. పైగా స్టెప్ పల్సులు పంపే కంట్రోలర్ బోర్డు శక్తి కూడా చూడాలి. చుట్టుకి 200 స్టెప్పుల మోటార్, 5 మి.మీ. పిచ్ (చుట్టుకి 5 మి.మీ. జరిపే) బాల్‌స్క్రూ, 1/8 మైక్రోస్టెప్ అయితే చుట్టుకి 1600 పల్సులు, మిల్లీమీటరుకి 320. నిమిషానికి 3000 మి.మీ. వేగంలో సెకనుకి 16,000 పల్సులు కావాలి. ఆర్డుయినో ఊనో బోర్డు మీద నడిచే సీఎన్‌సీ సాఫ్ట్‌వేర్ గ్రబుల్ సుమారు 30,000 దాకా లాగుతుంది. అదే 1/32 పెడితే 64,000 కావాలి, అది దాని వల్ల కాదు. 1/8తో మొదలుపెట్టి, మోత ఎక్కువైతే 1/16కి వెళ్లండి.

వైరింగ్‌లో మొదట కాయిల్ జంటలు పట్టుకోండి. రెండు వైర్లు కలిపి షాఫ్ట్ తిప్పితే బిగుసుకుందంటే అవి ఒకే కాయిల్‌వి. పవర్ ఉండగా మోటార్ వైరు ఎప్పుడూ పీకకండి, ఆ స్పైక్‌కి డ్రైవ్ కాలిపోతుంది. వదులైన స్క్రూ టెర్మినల్ చేసేదీ అదే. సిగ్నల్ కేబుల్ షీల్డ్‌ని (చుట్టూ ఉన్న లోహపు తొడుగుని) ఒక్క చివరే ఎర్త్ చేయండి. ఈఎస్‌పీ32 లాంటి 3.3 వోల్టుల బోర్డు డ్రైవ్‌లోని ఆప్టోని (సిగ్నల్‌ని వెలుగుతో లోపలికి పంపే భాగాన్ని) నమ్మకంగా వెలిగించలేకపోవచ్చు. మధ్యలో 74హెచ్‌సీటీ245 బఫర్ పెట్టి 5 వోల్టులకి ఎత్తండి.

నడిపాక ఒక యాక్సిస్ ఎప్పుడూ ఒకే వైపుకి కొద్దికొద్దిగా జరుగుతూ, దిశ మారిన ప్రతిసారీ తప్పు పెరుగుతుంటే మోటార్‌ని నిందించకండి. స్టెప్ పల్సు అంచు తలకిందులై ఉంటుంది, లేదా డైరెక్షన్ సిగ్నల్ ఆలస్యంగా వస్తూ ఉంటుంది. గ్రబుల్‌లో $2 (స్టెప్ పల్సుని తలకిందులు చేసే సెట్టింగ్) విలువ మార్చి చూడండి. దిశతో సంబంధం లేకుండా ఎప్పుడో ఒకసారి ఒక్కసారిగా పెద్ద దూరం పోతే, $120 నుంచి $122 వరకున్న యాక్సిలరేషన్‌లో ఆ యాక్సిస్‌ది సగానికి తగ్గించండి. తప్పు పోతే టార్క్ చాలట్లేదన్నమాట. పోకపోతే మోటార్‌కి పవర్ తీసేసి గైడ్‌ని చేత్తో ఆ చివర నుంచి ఈ చివర దాకా తోసి, ఎక్కడ పట్టేస్తోందో వెతకండి.